విదేశీ సాయం: ఎవరు తెస్తారు, ఎవరు పంచుతారు, ఎవరు లెక్క చూస్తారు? – తరచుగా అడిగే ప్రశ్నలు

ఒక పేద దేశానికి ఫలానా సంస్థ ఇన్ని మిలియన్ల డాలర్లు ఇచ్చిందన్న వార్త చదువుతాం. ఆ డబ్బు ఎవరి చేతికి వెళ్లింది, ఏ పద్దులో పడింది, ఖర్చు చేసే పెత్తనం ఎవరిదన్నది ఆ వార్తలో దొరకదు. సాయం ఫలిస్తుందా, నీరుగారుతుందా అన్నది తేలేది మాత్రం అక్కడే. ఈ విషయంపై తరచుగా వచ్చే ప్రశ్నలకు వీలైనంత సూటిగా జవాబులు ఇక్కడ ఉన్నాయి.

విదేశీ సాయం అంటే ఉచితంగా ఇచ్చే డబ్బేనా?

కాదు. అందులో గ్రాంట్లు ఉంటాయి, తక్కువ వడ్డీ రుణాలూ ఉంటాయి. గ్రాంటును తిరిగి కట్టక్కర్లేదు. రుణాన్ని కట్టాలి, కాకపోతే గడువు ఎక్కువ, వడ్డీ తక్కువ, మొదటి కొన్నేళ్లు తీసుకున్న మొత్తాన్ని తిరిగి కట్టే పని ఉండదు. ఇవి కాక నిపుణుల సేవలు, శిక్షణ, మందులు, ఆహార ధాన్యాలు, యంత్రాలు కూడా సాయం కిందే లెక్కకు వస్తాయి.

లెక్కల కోసం ఒక నిర్వచనం ఉంది. ధనిక దేశాల సంస్థ ఓఈసీడీలో అభివృద్ధి సాయ కమిటీ అని ఒకటి ఉంది. 'అధికారిక అభివృద్ధి సాయం' అనే మాటను ఆ కమిటీయే 1969లో ఖరారు చేసింది. దాని ప్రకారం సాయం ప్రభుత్వ రంగం నుంచే రావాలి, దాని ప్రధాన లక్ష్యం అభివృద్ధి, సంక్షేమం కావాలి, షరతులు మార్కెట్ కంటే మెత్తగా ఉండాలి. సైనిక సాయం ఇందులోకి రాదు. ఒకప్పుడు రుణం మొత్తాన్నీ సాయంగా చూపించేవారు. 2018 లెక్కల నుంచి రుణంలో గ్రాంటుతో సమానమైన భాగాన్నే లెక్కిస్తున్నారు.

మొత్తం మీద ఎంత వస్తుంది?

ఆ కమిటీ సభ్య దేశాలు 2024లో ఇచ్చింది సుమారు 212 బిలియన్ డాలర్లు. అంతకు ముందు ఏడాదితో పోలిస్తే 7 శాతం తగ్గింది. ధనిక దేశాలు తమ జాతీయాదాయంలో 0.7 శాతం ఇవ్వాలని ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 1970లోనే తీర్మానించింది. 2024లో సభ్య దేశాలన్నీ కలిపి ఇచ్చింది 0.33 శాతం, అంటే లక్ష్యంలో సగం కూడా కాదు. నార్వే, స్వీడన్, డెన్మార్క్, లక్సెంబర్గ్ వంటి కొద్ది దేశాలు మాత్రం ఏళ్ల తరబడి ఆ మాట మీద నిలబడ్డాయి.

ఇస్తామంటే తీసుకుంటే సరిపోదా? సమన్వయం ఎందుకు?

సాయం ఎక్కువగా అందుకునే దేశంలో ఇరవై, ముప్పై మంది దాతలు ఉంటారు: విదేశాల ప్రభుత్వాలు, ప్రపంచ బ్యాంకు, ప్రాంతీయ అభివృద్ధి బ్యాంకులు, ఐక్యరాజ్యసమితి సంస్థలు, టీకాలకో ఒక వ్యాధికో పరిమితమైన అంతర్జాతీయ నిధులు, స్వచ్ఛంద సంస్థలు. వీటిలో ప్రతి దానికీ సొంత దరఖాస్తు, సొంత టెండరు నియమాలు, సొంత ఆడిట్, సొంత ఆర్థిక సంవత్సరం ఉంటాయి. అమెరికా ప్రభుత్వానికి ఏడాది అక్టోబరులో మొదలవుతుంది, జపాన్‌కు ఏప్రిల్‌లో. సాయం అందుకునే దేశపు బడ్జెట్ ఏడాదికి ఈ రెండింటితోనూ పొత్తు కుదరకపోవచ్చు.

దీని బరువు రాజధానిలో కంటే కింద స్థాయిలో బాగా తెలుస్తుంది. ఒక గ్రామీణ ఆరోగ్య కేంద్రంలోకి వెళ్లి చూడండి. నర్సు బల్ల మీద మలేరియాకు ఒక రిజిస్టరు, క్షయకు ఒకటి, హెచ్‌ఐవీకి ఒకటి, టీకాలకు ఒకటి, పోషకాహారానికి ఇంకొకటి. ఒక దానిలో పిల్లల వయసు నెలల్లో రాయాలి, ఇంకొక దానిలో ఏళ్లలో. ఒకరికి నెలనెలా నివేదిక కావాలి, మరొకరికి మూడు నెలలకోసారి. అదే బిడ్డ పేరు నాలుగు పుస్తకాల్లోకి ఎక్కుతుంది. నెలాఖరున నర్సు రోగులను చూడటం మాని కూడికలు వేస్తుంటుంది. పక్క గదిలో ఒక దాత ఇచ్చిన ఫ్రిజ్, మరో దాత ఇచ్చిన జనరేటర్ ఉంటాయి. విడిభాగాలు ఆ దేశంలో దొరకవు. బాగు చేయించడానికి బడ్జెట్‌లో పద్దు లేదు, ఎందుకంటే ఆ యంత్రాలు వచ్చిన సంగతి ఆర్థిక శాఖకు తెలియదు.

ఆ నర్సు బల్ల మీద ఒకే రిజిస్టరు మిగిలేలా చేయడమే నా దృష్టిలో సమన్వయం. దాతలూ ప్రభుత్వమూ కలిసి జరిపే సమావేశాలన్నీ అందుకోసం ఉన్నవే.

ప్రభుత్వంలో ఈ పని ఎవరిది?

చాలా దేశాల్లో ఆర్థిక శాఖలోని ఒక విభాగానిది. కొన్నిచోట్ల ప్రణాళికా శాఖ చూస్తుంది. నేపాల్‌లో ఆర్థిక శాఖ కింద అంతర్జాతీయ ఆర్థిక సహకార సమన్వయ విభాగం ఉంది. కంబోడియాలో 1994లో ఏర్పడిన అభివృద్ధి మండలి ఈ పని చేస్తోంది. విదేశాంగ శాఖ చేతిలో పెట్టిన దేశాలూ ఉన్నాయి.

ఆర్థిక శాఖే సరైన చోటని నేను గట్టిగా నమ్ముతాను. పాఠశాల భవనం దాత కట్టిస్తాడు, కానీ ఉపాధ్యాయుల జీతాలు ముప్పై ఏళ్లు కట్టాల్సింది ఖజానా. ఆ రెండు లెక్కలూ ఒకే బల్ల మీద ఉంటేనే ఎన్ని భవనాలను తట్టుకోగలమో తెలుస్తుంది. విదేశాంగ శాఖకు స్నేహ సంబంధాలు ముఖ్యం కాబట్టి వద్దని చెప్పడానికి మొహమాటపడుతుంది. ప్రణాళికా శాఖ, ఆర్థిక శాఖ వేరుగా ఉండి మాట్లాడుకోకపోతే పరిస్థితి ఇంకా దిగజారుతుంది. ప్రణాళిక ఒకచోట తయారవుతుంది, డబ్బు ఇంకోచోట ఉంటుంది.

ఇక రంగాల వారీ శాఖల సంగతి. ఆరోగ్య శాఖో విద్యా శాఖో దాతతో నేరుగా ఒప్పందం కుదుర్చుకుని చివరి సంతకానికి మాత్రం ఆర్థిక శాఖ దగ్గరికి రావడం చాలా దేశాల్లో మామూలు. దీనికి అడ్డుకట్ట ఒక్కటే: ఆర్థిక శాఖ సంతకం లేని ఒప్పందం చెల్లదని చట్టంలో రాయడం, రాసిన దాన్ని పాటించడం.

వద్దని చెప్పే స్తోమత పేద దేశానికి ఉంటుందా?

ఉంటుందని బోట్స్వానా చూపించింది. 1966లో స్వాతంత్ర్యం వచ్చేనాటికి అది ప్రపంచంలోని అతి పేద దేశాల్లో ఒకటి. రోజువారీ పాలన ఖర్చుకు కూడా బ్రిటన్ గ్రాంటు మీద ఆధారపడింది. అయినా మొదటి నుంచీ ఒక క్రమశిక్షణ పాటించింది. ఆర్థికం, ప్రణాళిక ఒకే శాఖ కింద పెట్టింది. జాతీయ అభివృద్ధి ప్రణాళికలో లేని పనికి డబ్బు ఇస్తామని ఎవరు వచ్చినా సరే, ముందు అది ప్రణాళికలోకి ఎక్కాలి. ఎక్కాలంటే నిర్వహణ ఖర్చు రేపు ఎవరు భరిస్తారో తేలాలి. తేలకపోతే సాయం వద్దు. 1972-73 నాటికే ఆ దేశానికి బ్రిటన్ పాలనా గ్రాంటు అవసరం తీరిపోయింది.

వజ్రాలు దొరికాయి కాబట్టి సాధ్యమైందని కొందరు అంటారు. వజ్రాలు దొరికిన దేశాలు ఇంకా ఉన్నాయి. వాటన్నిటికీ ఈ అలవాటు లేదు.

పత్రికలో చూసిన మొత్తానికీ చేతికొచ్చిన మొత్తానికీ అంత తేడా ఎందుకు?

మూడు వేర్వేరు అంకెలను ఒకే మాటతో పిలవడం వల్ల. సభలో ప్రకటించేది వాగ్దానం. సంతకం చేసిన పత్రంలో ఉండేది ఒప్పందం. ఖాతాలో పడేది విడుదల. ఆ డబ్బుతో పని జరిగితే అది ఖర్చు, నాలుగో అంకె.

ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. ఒక దాత మూడేళ్లకు 3 కోట్ల డాలర్లు ప్రకటించాడు. ఒప్పందం కుదిరేసరికి ఎనిమిది నెలలు పోయాయి, మొత్తం 2.4 కోట్లకు తగ్గింది. మొదటి విడత 40 లక్షలు వచ్చింది. రెండో విడతకు ఆడిట్ నివేదిక కావాలన్నాడు, అది ఆలస్యమైంది. ఇంతలో దాత దేశపు కరెన్సీ విలువ మారింది. ఆర్థిక శాఖ ఏటా కోటి డాలర్లు వస్తాయని బడ్జెట్‌లో రాసుకుని ఉంటే, తేడాను ఏడాది మధ్యలో అప్పు చేసో, పనులు ఆపో పూడ్చాలి. అందుకే అనుభవమున్న అధికారులు గత నాలుగైదేళ్లలో ఒక్కో దాత ఎంత ప్రకటించి ఎంత విడుదల చేశాడో చూసి, ఆ నిష్పత్తి మేరకే బడ్జెట్‌లో వేసుకుంటారు.

సాయం బడ్జెట్‌లోకి రావడం, బయట ఉండిపోవడం అంటే ఏమిటి?

దాత డబ్బు ఖజానాలో పడి, శాసనసభ ఆమోదించిన పద్దుల ప్రకారం ఖర్చై, దేశపు ఆడిటర్ తనిఖీకి వస్తే అది బడ్జెట్ సాయం. దాత తన సొంత కార్యాలయం పెట్టి, సొంత సిబ్బందితో, సొంత ఖాతా నుంచి ఖర్చు పెడితే అది బయటి సాయం. రెండింటికీ మధ్య ఉమ్మడి నిధులు ఉన్నాయి. పలువురు దాతలు ఒక రంగానికి, ఒకే ప్రణాళికకు డబ్బు కలిపి పోస్తారు.

బయటి సాయం వేగంగా కనిపిస్తుంది. దాని నష్టం మెల్లగా బయటపడుతుంది. ప్రాజెక్టు కార్యాలయం ప్రభుత్వ జీతానికి అనేక రెట్లు ఇచ్చి, శాఖలోని మంచి ఇంజనీరును, మంచి అకౌంటెంటును పట్టుకుపోతుంది. ప్రాజెక్టు ముగిశాక కార్యాలయం మూతపడుతుంది. శాఖ ముందున్నదానికంటే బలహీనంగా మిగులుతుంది.

ఇక్కడ మధ్యేమార్గం ఒకటి ఉంది. డబ్బు ఖజానా ద్వారా రాకపోయినా కనీసం దాని వివరం బడ్జెట్ పుస్తకంలో అచ్చు కావాలి. ఎక్కడ, ఎంత, ఏ పనికి అన్న మూడు ముక్కలు శాసనసభ్యుడికి తెలిస్తే చాలా మార్పు వస్తుంది.

పారిస్ ప్రకటన అంటే ఏమిటి? అది అమలైందా?

2005 మార్చిలో దాతలూ, సాయం అందుకునే దేశాలూ పారిస్‌లో ఐదు సూత్రాలకు ఒప్పుకున్నాయి. దేశమే తన ప్రణాళికకు యజమాని. దాతలు ఆ ప్రణాళికనే అనుసరించాలి, ఆ దేశపు పద్ధతులనే వాడాలి. దాతలు తమలో తాము పనితీరును ఏకం చేసుకోవాలి. ఫలితాలను చూసి నడవాలి. జవాబుదారీ ఇరువైపులా ఉండాలి. ఆ తర్వాత 2008లో ఘనాలోని అక్రాలో, 2011లో దక్షిణ కొరియాలోని బుసాన్‌లో సమావేశాలు జరిగాయి.

2010 నాటికి చేరాల్సిన లక్ష్యాలు పదమూడు. ప్రపంచ స్థాయిలో చేరింది ఒక్కటే, సాంకేతిక సహకారంలో సమన్వయం. అయినా దాన్ని వృథా ప్రయాస అని కొట్టిపారేయలేను. దాత తప్పు చేస్తే ఎత్తి చూపడానికి, అతను సంతకం చేసిన కాగితం ఒకటి చిన్న దేశపు అధికారి చేతికి వచ్చింది. అంతకు ముందు అదీ లేదు.

దాతను కూడా పరీక్షించవచ్చా?

తప్పకుండా. టాంజానియాలో 1990ల మొదట్లో ప్రభుత్వానికీ దాతలకూ సంబంధాలు బాగా చెడ్డాయి. అప్పుడు కెనడా ఆర్థికవేత్త జెరాల్డ్ హెల్లైనర్ నాయకత్వంలో స్వతంత్ర నిపుణుల బృందం పరిశీలించి 1995లో నివేదిక ఇచ్చింది. తప్పు ఇద్దరిదీ ఉందని తేల్చింది. దేశాన్ని నడిపే పగ్గాలు ప్రభుత్వం చేతికి రావాలని చెప్పింది. అక్కడి నుంచే ఇరుపక్షాల పనితీరునూ బయటివారితో పరీక్ష చేయించే పద్ధతి పెరిగింది.

రువాండా ఇంకో అడుగు ముందుకేసింది. 2006లో సాయ విధానం ప్రకటించి, దాతల పనితీరుకు ఏటా ఒక పట్టిక తయారు చేయడం మొదలుపెట్టింది. అందరూ ఆరోగ్యం మీదే పడుతున్నారని గమనించి, 2010 నాటికి ఒక్కో దాతను మూడు రంగాలకు పరిమితం చేసింది. కొందరు దాతలకు నచ్చలేదు, అయినా సర్దుకున్నారు. ఆ ప్రభుత్వపు రాజకీయ కట్టడి మీద తీవ్రమైన విమర్శలు ఉన్నాయి, అవి వేరే చర్చ. ఎవరు ఏ పని చేయాలో సాయం అందుకునే దేశమే చెప్పవచ్చని మాత్రం అది రుజువు చేసింది.

కట్టుబాటు సాయం అంటే?

ఇచ్చిన డబ్బుతో దాత దేశపు కంపెనీల దగ్గరే సరుకు కొనాలనడం. పోటీ ఉండదు కాబట్టి ధర పెరుగుతుంది, అవసరానికి సరిపోని సరుకు వస్తుంది. మలేసియాలోని పెర్గావ్ ఆనకట్ట దీనికి పేరుమోసిన ఉదాహరణ. బ్రిటన్ 23 కోట్ల 40 లక్షల పౌండ్ల సాయం ఇచ్చింది. ఆర్థికంగా అది మంచి ప్రాజెక్టు కాదని అధికారులు ముందే చెప్పారు. ఆయుధాల అమ్మకంతో దానికి ముడి ఉన్న సంగతి బయటికొచ్చింది. 1994లో బ్రిటన్ హైకోర్టు ఆ సాయం చట్టవిరుద్ధమని తీర్పిచ్చింది. 2001లో బ్రిటన్ కట్టుబాటు సాయాన్నే మానేసింది.

అవినీతి బయటపడితే ఏమవుతుంది?

ముందు ఆగిపోయేది బడ్జెట్ సాయం. 2013లో మలావీలో ఖజానా సాఫ్ట్‌వేర్ ద్వారా జరిగిన దోపిడీ 'క్యాష్‌గేట్' పేరుతో బయటపడగానే దాతలు చేతులు ముడుచుకున్నారు. మొజాంబిక్‌లో ప్రభుత్వ కంపెనీలు 2013-14లో తీసుకున్న సుమారు 2 బిలియన్ డాలర్ల అప్పులకు పార్లమెంటు ఆమోదం లేకుండా ప్రభుత్వ హామీ ఇచ్చారు. 2016లో దాచిన అప్పులు వెలుగు చూశాక అంతర్జాతీయ ద్రవ్య నిధి ఐఎంఎఫ్‌తో పాటు దాతలు బడ్జెట్ సాయం నిలిపేశారు. తప్పు చేసినవారు కొందరు, మందులు అందక నష్టపోయినవారు లక్షల మంది. అందుకే సాయం నిలిపేయడం ఒక్కటే మందు అంటే నేను ఒప్పుకోను.

పనిచేసిన మందు ఉగాండాలో కనిపించింది. అది విదేశీ సాయం కాదు, బడులకు ప్రభుత్వమే ఇచ్చే గ్రాంటు. కానీ పాఠం అందరిదీ. 1991-95 మధ్య ఆ గ్రాంటులో సగటున 13 శాతమే బడులకు చేరిందని ఒక సర్వేలో తేలింది. ప్రభుత్వం ఏ జిల్లాకు ఏ నెల ఎంత పంపిందో పత్రికల్లో వేయించడం మొదలుపెట్టింది, బడి గోడల మీద అంటించమంది. 2001 నాటికి 80 శాతానికి పైగా చేరసాగింది. పత్రికల పాత్ర ఎంత, మిగతా సంస్కరణల పాత్ర ఎంతన్న దానిపై పరిశోధకుల్లో వాదన ఉంది. మన బడికి రావాల్సింది ఎంతో తల్లిదండ్రులకు తెలియడం మాత్రం చిన్న సంగతి కాదు.

పెద్ద విపత్తు వచ్చినప్పుడు ఈ నియమాలన్నీ పక్కన పెట్టాల్సిందేనా?

ప్రాణాలు కాపాడే మొదటి వారాల్లో కొంత సడలింపు తప్పదు. పునర్నిర్మాణానికి మాత్రం గట్టి యంత్రాంగం త్వరగా కావాలి. 2004 సునామీ తర్వాత ఇండోనేసియా నాలుగు నెలల్లోపే దెబ్బతిన్న ప్రాంతాలైన అచే, నియాస్‌ల కోసం ప్రత్యేక సంస్థ పెట్టింది. దాని అధిపతి కుంతోరో మంకుసుబ్రోతోకు మంత్రి హోదా ఇచ్చింది. కార్యాలయం రాజధాని జకార్తాలో కాకుండా అచేలోని బందా అచే నగరంలో తెరిచింది. వందలాది సంస్థల ప్రాజెక్టులను ఒకే నమోదు పద్ధతిలోకి తెచ్చింది. 2009లో పని ముగించి సంస్థను మూసేసింది. మూసే తేదీ ముందే పెట్టుకోవడం ఎంతో తెలివైన పని.

2010 భూకంపం తర్వాత హైతీలో ఇలా జరగలేదు. డబ్బులో ఎక్కువ భాగం ప్రభుత్వాన్ని దాటి బయటి సంస్థల ద్వారానే నడిచింది. ప్రభుత్వం బలహీనం కాబట్టి పక్కన పెట్టారు, పక్కన పెట్టారు కాబట్టి ఇంకా బలహీనమైంది. నేపాల్‌లో 2015 ఏప్రిల్ భూకంపం తర్వాత రెండు నెలల్లో దాతల సభ జరిగి 4 బిలియన్ డాలర్లకు పైగా వాగ్దానాలు వచ్చాయి. వాటిని ఖర్చు చేయాల్సిన పునర్నిర్మాణ ప్రాధికార సంస్థ రాజకీయ తగువుల వల్ల డిసెంబరు దాకా కుదురుకోలేదు. ఆ చలికాలం జనం రేకుల కిందే గడిపారు.

చైనా లాంటి దాతలు ఈ సమన్వయ సమావేశాలకు వస్తారా?

చైనా ఓఈసీడీ కమిటీలో సభ్య దేశం కాదు. ప్రభుత్వంతో నేరుగా మాట్లాడటమే దాని అలవాటు. ఒక రకంగా ఇది సాయం అందుకునే దేశానికి బేరమాడే వీలిస్తుంది. మరో రకంగా, రుణ షరతులు గోప్యంగా ఉంటే మొత్తం అప్పు ఎంతో దేశానికే స్పష్టంగా తెలియని ప్రమాదం ఉంది. దాత ఎవరైనా సరే, రుణ పత్రం ప్రభుత్వ అప్పుల లెక్క చూసే కార్యాలయం రిజిస్టరులోకి ఎక్కి తీరాలి.

సాయం ఉన్నట్టుండి ఆగిపోతే?

2025 జనవరిలో అమెరికా తన విదేశీ సాయాన్ని స్తంభింపజేసింది. జూలై 1 నాటికి ఆ సాయాన్ని నడిపే యూఎస్‌ఎయిడ్ సంస్థ కార్యకలాపాలే ముగిశాయి. దానిపై ఆధారపడ్డ ఆసుపత్రుల్లో సిబ్బందిని ఇళ్లకు పంపేశారు. ఏ జిల్లాలో ఏ నర్సు జీతం ఎవరు ఇస్తున్నారో ముందే రాసి పెట్టుకున్న ప్రభుత్వాలు ఏ ఖాళీ ముందు పూడ్చాలో చూసుకోగలుగుతాయి. ఆ జాబితా లేనిచోట తెలుసుకోవడానికే నెలలు పడతాయి. నైజీరియా పార్లమెంటు 2025 బడ్జెట్‌లో ఆరోగ్యానికి అదనంగా 20 కోట్ల డాలర్లు కేటాయించింది. జీతాలు, అత్యవసర మందులు, టీకాలు ఎప్పుడూ సొంత బడ్జెట్ మీదే నిలవాలని, దాతల డబ్బు ఒక్కసారి పెట్టే ఖర్చులకు వాడుకోవాలని ఏళ్లుగా చెబుతున్నదే. వినడం కష్టం, ఎందుకంటే సొంత డబ్బు ఎప్పుడూ చాలదు.

సాయం అవసరం తీరిపోయిన దేశాలు ఉన్నాయా?

ఉన్నాయి. దక్షిణ కొరియా 1961లో ఆర్థిక ప్రణాళికా మండలి పెట్టి ప్రణాళిక, బడ్జెట్, విదేశీ రుణాలను ఒకే కప్పు కిందికి తెచ్చింది. 2010లో అదే దేశం ఓఈసీడీ దాతల కమిటీలో సభ్యత్వం తీసుకుంది. వియత్నాం 2017లో ప్రపంచ బ్యాంకు అతి తక్కువ వడ్డీ రుణాల జాబితా నుంచి బయటికి వచ్చింది. ఈ దశలో ఒక చిక్కుంది. ఆదాయం కాస్త పెరగగానే మెత్తని రుణాలు, టీకాల రాయితీ, గ్రాంట్లు ఇంచుమించు ఒకేసారి తగ్గుతాయి. ఏది ఏ ఏడాది ఆగుతుందో ఐదారేళ్ల ముందే పట్టిక వేసుకోవాలి.

మామూలు పౌరుడు ఈ లెక్కలు చూడగలడా?

కొంతవరకు చూడగలడు. 2008లో అక్రాలో మొదలైన అంతర్జాతీయ సాయ పారదర్శకత కార్యక్రమం కింద వందలాది సంస్థలు తమ ప్రాజెక్టుల వివరాలను ఒకే నమూనాలో ఇంటర్నెట్‌లో పెడుతున్నాయి. చాలా దేశాల ఆర్థిక శాఖలకు సొంత సాయ నమోదు వ్యవస్థలున్నాయి. ప్రాజెక్టు పేరు, దాత, జిల్లా, ఒప్పందం మొత్తం, విడుదలైన మొత్తం అందులో కనిపిస్తాయి.

ఎలా మొదలుపెట్టాలంటే, మీకు బాగా తెలిసిన ఒక్క బడినో, ఒక్క ఆరోగ్య కేంద్రాన్నో తీసుకోండి. దానికి సంబంధించిన ప్రాజెక్టు వరుసలో 'విడుదల' గడి ఖాళీగా ఉందేమో చూడండి. ఖాళీగా ఉంటే రెండే కారణాలు: డబ్బు రాలేదు, లేదా వచ్చినా ఎవరూ నమోదు చేయలేదు. రెండింటిలో ఏదో చెప్పమని ఆర్థిక శాఖకు ఒక ఉత్తరం రాయండి, నకలు మీ శాసనసభ్యుడికి పంపండి.